యూరపు మత సంస్కరణ - మన చికాకోలు సర్కారు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూరపు ఖండంలో జరిగిన మత సంస్కరణ గురించి, దాని ఫలితాల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని కోరారు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ బతికే మనకు ఐదు వందల ఏళ్ళ కిందటి జర్మనీ గొడవతో ఏం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని భీమిలి వెళ్ళినవారు అక్కడి డచ్చివారి పాత సమాధులు చూసే ఉంటారు. బొబ్బిలి యుద్ధం కథ విననివారు మనలో ఉండరు. ఆ సమాధుల్లో పడుకున్నవారూ, బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చినవారూ ఆ యూరపు మార్పుల్లోంచి వచ్చినవారే. కనుక ఆ కథలో కొంత భాగం మనదే.

ముందు అక్కడ ఏం జరిగిందో చూద్దాం. 1517లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ పట్టణంలో మార్టిన్ లూథర్ అనే క్రైస్తవ సన్యాసి 95 ప్రతిపాదనలు ప్రకటించాడు. పాపాలకు పడే శిక్ష తగ్గుతుందని చెప్పి, డబ్బు పుచ్చుకుని చర్చివారు పత్రాలు అమ్మడం తప్పని ఆయన వాదన. ఇటువంటి మాట అన్నవాడు ఆయనే మొదటివాడు కాడు. నూరేళ్ళ ముందు బొహీమియా దేశంలో యాన్ హుస్ అనే పండితుడు ఇంచుమించు ఇదే మాట అన్నాడు. 1415లో ఆయనను సజీవంగా తగలబెట్టారు. మరి లూథర్ ఎలా నెగ్గుకొచ్చాడు?

దీనికి రెండు కారణాలు చెప్పుకోవాలి. మొదటిది అచ్చు యంత్రం. మెయింజ్ నగరంలో గుటెన్‌బర్గ్ 1450ల్లో బైబిలు అచ్చు వేశాడు. 1500 నాటికే యూరపులో రెండు వందలకు పైగా పట్టణాల్లో అచ్చుపని సాగుతున్నది. యాన్ హుస్ రాతలు చేత్తో నకలు తీయవలసి వచ్చింది. లూథర్ రాతలు వారాల్లో ఊరూరా పాకిపోయాయి. రెండవది, ఆయన ప్రజల భాషలో రాశాడు. బైబిలు ఉత్తర భాగాన్ని 1522లో, మొత్తం గ్రంథాన్ని 1534లో జర్మను భాషలో అచ్చు వేయించాడు. అంతదాకా లాటిను తెలిసిన మతాధికారి చెప్పిందే వేదం. ఇప్పుడు కమ్మరీ, నేతగాడూ, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళూ కూడా గ్రంథం విప్పి చదువుకోవచ్చు. చదవడం రాకపోతే నేర్చుకోవాలి. అందుచేత బడులు వచ్చాయి.

ఇందులో ముస్లిముల వంతు ఏమీ లేదా అంటే ఉన్నది. అచ్చుకు కాగితం కావాలి గదా. కాగితం తయారుచేసే పని చైనా నుంచి అరబ్బుల చేతికి వచ్చి, వారి ద్వారా స్పెయిను మీదుగా యూరపు చేరింది. ఇబ్న్ సీనా రాసిన వైద్య గ్రంథం అల్ ఖానూన్ లాటిను అనువాదం 1473లోనే అచ్చయింది. పదిహేడో శతాబ్దం దాకా అక్కడి వైద్య విద్యార్థులకు అది పాఠ్యగ్రంథం. ఇంకొక విచిత్రం వినండి. 1529లో సుల్తాన్ సులేమాన్ సేనలు వియన్నా నగరాన్ని ముట్టడించాయి. చక్రవర్తి చార్లెస్‌కు లూథర్ పక్షపు రాజుల సైన్యమూ, డబ్బూ అవసరమయ్యాయి. అందుకని 1532లో వారితో తాత్కాలికంగా రాజీపడ్డాడు. ఇస్తాంబుల్ సైన్యం భయం లూథర్ అనుచరులకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చిందన్నమాట.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. గ్రంథం అందరి చేతికీ వచ్చాక శాంతి వచ్చిందా అంటే, రాలేదు. రాజు మతమే ప్రజల మతమన్నారు. కాదన్నవాడు ఊరు విడిచి పోవాలి, లేదా చావాలి. 1572 ఆగస్టు 24న పారిస్‌లో మొదలైన ఊచకోతలో వేలమంది ప్రొటెస్టెంట్లు హతులయ్యారు. స్పెయినులో 1492లో గ్రనడా పతనం తర్వాత ముస్లిములను బలవంతంగా క్రైస్తవులను చేశారు. అదీ చాలక వారి సంతతివారిని, సుమారు 3 లక్షల మందిని, 1609 నుంచి 1614 లోపల దేశం నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు సాగుచేసిన వలెన్సియా పొలాలు బీడుపడ్డాయి. 1492లోనే స్పెయిను తరిమివేసిన యూదులకు ఇస్తాంబుల్ సుల్తాన్ బాయజీద్ చోటిచ్చాడు. ఇక 1618 నుంచి 1648 దాకా ముప్ఫై సంవత్సరాల యుద్ధంలో జర్మనీ నేల రక్తంతో తడిసింది.

ఫ్రాన్సులో 1598లో ప్రొటెస్టెంట్లకు ఆరాధన హక్కు ఇస్తూ ఒక రాజశాసనం వచ్చింది. 1685లో పద్నాలుగో లూయీ దాన్ని రద్దు చేశాడు. ఇంచుమించు 2 లక్షల మంది దేశం వదిలిపోయారు. వాళ్ళలో పట్టు నేతగాళ్ళు, గడియారాలు చేసేవాళ్ళు, వర్తకులు ఉన్నారు. వాళ్ళ పనితనమంతా ఇంగ్లండుకూ, హాలండుకూ, ప్రష్యాకూ కలిసివచ్చింది. అల్పసంఖ్యాకులను తరిమిన రాజ్యం తన చేతివేళ్ళు తానే నరుక్కున్నట్టయింది. ఎవరి మతం వారిని ఆచరించుకోనివ్వడం యూరపు వారికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కొట్టుకుని కొట్టుకుని అలసిపోయాక, నష్టం లెక్క చూసుకున్నాక నేర్చుకున్నది. అదీ ఒక్కసారిగా రాలేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. జర్మనీలో లూథర్ అనువాదం ఇంటింటా చదువుతున్న కాలంలో గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్ షా రాజ్యం చేశాడు, 1550 నుంచి 1580 వరకు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో పుట్టిన తొలి కావ్యం యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన అంకితమిచ్చింది అమీన్ ఖాన్‌కు. గోల్కొండ ఫర్మానాలు కొన్ని పారశీకంలోనూ తెలుగులోనూ పక్కపక్కనే రాసేవారు. అంటే తెలుగు మనకు పరాయి భాష కాదు. దానికి మన పూర్వులు గొడుగు పట్టారు.

శ్రీకాకుళం జామియా మసీదును గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది 1641 ప్రాంతంలో. అప్పటికి జర్మనీలో ముప్ఫై సంవత్సరాల యుద్ధం ఇంకా సాగుతూనే ఉన్నది. ఆ షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఈ సీమకు వచ్చినవారే విజయనగరం పూసపాటి వారి పూర్వులూ, బొబ్బిలి వెలమదొరల మూలపురుషుడు పెద్దరాయుడూ అని గెజెటీర్లలో ఉన్నది. షేర్ అంటే పులి. తన ప్రభువు పేరు నిలిచేలా పెద్దరాయుడు తన కోటకు పెద్దపులి పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ అంటారు. ఈ ముక్క మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ అంతా పాలూ తేనెగా సాగిందని మేము అనడం లేదు. ఇక్కడా దండయాత్రలు జరిగాయి, ఆరాధనాలయాలు దెబ్బతిన్నాయి, రైతు వీపు మీద శిస్తు భారం పడింది. మన పూర్వులు చేసినవన్నీ మంచివేనని చెప్పుకోవడం చరిత్ర కాదు, పొగడ్త. అయితే రాజు మతమే ప్రజల మతం కావాలన్న శాసనం మాత్రం ఈ సర్కారులో ఎన్నడూ నడవలేదు. ఫౌజుదారు ముస్లిము, జమీందారులు హిందువులు, లెక్కలు రాసే కరణాలు వేరు, బట్ట నేసేవారు వేరు. ఎవరి పని లేకపోతే ఎవరికీ గడవదు.

మరి అక్కడ కొట్టుకున్నవాళ్ళు ఇక్కడికి వచ్చి ఎలా నెగ్గారు? వాళ్ళు మతయుద్ధాల మధ్యనే మరి రెండు విద్యలు నేర్చుకున్నారు. పదిమంది దగ్గర డబ్బు పోగుచేసి కంపెనీ పెట్టడం ఒకటి, ప్రతి విషయమూ కాగితం మీద పెట్టి భద్రం చేయడం ఇంకొకటి. 1600లో ఇంగ్లీషు కంపెనీ, 1602లో డచ్చి కంపెనీ పుట్టాయి. మన పెద్దలు ఒలందావారని పిలిచిన ఈ డచ్చివారు కాథలిక్ స్పెయిను మీద తిరగబడి స్వతంత్రులైన ప్రొటెస్టెంట్లు. పదిహేడో శతాబ్దంలో వారు భీమునిపట్నంలో దిగారు. వారికి కావలసింది మన నేత బట్ట. చికాకోలు మస్లినుకు అప్పట్లో దేశదేశాల పేరుండేది.

తర్వాత ఫ్రెంచివారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన సైన్యం ఖర్చుల కింద చికాకోలు సహా నాలుగు సర్కారులను వారికి అప్పజెప్పాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఆ యుద్ధాన్ని ఎవరైనా హిందూ ముస్లిం లెక్కన చెప్పబోతే లెక్క కుదరదు. కోట లోపల వెలమలు. కోట బయట విజయనగరం రాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆయన దివాను హైదర్ జంగ్. పక్కపక్క సంస్థానాల పౌరుషం బయటివాడి ఫిరంగికి దారి ఇచ్చింది. ఎనిమిదేళ్ళకు, 1765లో, షా ఆలం ఫర్మానాతో సర్కారులు ఇంగ్లీషువారి పరమయ్యాయి. నిజాం 1766లో దానికి ఒప్పుకున్నాడు. బుస్సీని తోడు తెచ్చుకున్న విజయనగరం వంశానికీ చివరికి గతి అంతే అయింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన్న విజయరామరాజు ఇంగ్లీషు సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచారు.

అచ్చు సంగతి కూడా చూడండి. 1740ల్లోనే జర్మనీలోని హాలె పట్టణంలో లూథర్ మతస్థులు తెలుగు పుస్తకాలు అచ్చు వేశారు. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, తమ సువార్తలను తెలుగు చేశారు. 1812లో అవి శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఇస్తాంబుల్‌లో ముస్లిముల అచ్చుకూటానికి అనుమతి దొరికింది 1727లో మాత్రమే, అదీ మత గ్రంథాలు వేయకూడదన్న షరతుతో. గుటెన్‌బర్గ్ తర్వాత 270 సంవత్సరాలు! కాగితం విద్యను యూరపుకు అందించినవాళ్ళమే ఆ కాగితం మీద అచ్చు వేయడానికి అంత ఆలస్యం చేశాం. ఆ ఆలస్యం ఖరీదు చాలా తరాలు చెల్లించాయి.

అయితే ప్రజల భాషకు పట్టం కట్టే పని మన ప్రాంతంలోనూ జరిగింది. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, విజయనగరం గురజాడ అప్పారావు గారు ఒకే బడిలో చదివినవారు. గురజాడ వారు 1897లో కన్యాశుల్కాన్ని వాడుక తెలుగులో అచ్చు వేయించారు. గిడుగు వారు బడి పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని జీవితమంతా పోరాడారు. కొండమీది సవరల భాష నేర్చి, వారికి పుస్తకాలు రాసి బడులు పెట్టారు. పండితులు ఆయనను తిట్టిన తిట్లు లూథర్ తిన్నవాటికి తీసిపోవు.

ఇక మనం మరువరాని పేరు చిలుకూరి నారాయణరావు గారిది. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన ఈ బ్రాహ్మణ పండితుడే పవిత్ర ఖుర్ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి అనువదించారు. గోల్కొండ నవాబులు తెలుగు కావ్యాలు అందుకున్న రుణాన్ని శ్రీకాకుళం పంతులు గారు ఇలా తీర్చారని మేము అనుకుంటూ ఉంటాం. ఆ తర్వాత ముస్లిం పండితుల అనువాదాలూ వచ్చాయి. నేడు అవి సులభంగా దొరుకుతాయి.

దొరుకుతాయి, కాని చదువుతున్నామా? ఖుర్ఆన్ అరబ్బీలో పారాయణం చేయడం మన విధి. దాన్ని ఎవరూ మార్చమనరు, మార్చకూడదు కూడా. కాని చదివినదానికి అర్థం తెలియాలంటే మన పిల్లలకు వచ్చిన భాషలో చదవాలి. వాళ్ళకు బాగా వచ్చింది తెలుగే. అర్థం తెలియనివాడు ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. డబ్బుకు క్షమాపణ పత్రాలు అమ్మినవాళ్ళకు ఐదు వందల ఏళ్ళ కిందట దొరికింది అటువంటి శ్రోతలే.

2011 జనాభా లెక్కల్లో అప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ మనం నూటికి ఒకరమైనా లేము. ఇంత కొద్దిమందికి సంఖ్యాబలం ఎక్కడిది? చదువు, పనితనం, ఇరుగుపొరుగుతో మంచి, ఈ మూడే మన బలం. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం 2001లో దేశంలో అక్షరాస్యత నూటికి 65 ఉంటే ముస్లిములలో 59. ఆ తేడా చదివించలేని పేదరికం వల్ల కొంత, చదివించని అలవాటు వల్ల కొంత. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ అలవాటు మానుకోవాలి.

కాబట్టి సంఘానికి మా విన్నపాలు మూడు. ఒకటి, సంఘం గదిలో తెలుగు, ఉర్దూ పుస్తకాలతో ఒక చిన్న బీరువా పెట్టి, ఆడవాళ్ళకు వేరే వేళలు కేటాయించండి. రెండు, పదో తరగతి దాటిన ఆడపిల్ల డబ్బులేక చదువు మానకుండా చూడటానికి ఏటా కొంత సొమ్ము విడిగా ఉంచండి. మూడు, మన ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున పారశీకంలో, ఉర్దూలో, తెలుగులో పాత సనదులూ, ఇనాం కాగితాలూ, వక్ఫు పత్రాలూ ఉంటాయి. చెదలు తినకముందే వాటికి నకళ్ళు తీయించి, చదవగలవారిచేత చదివించండి. కాగితం ఉన్నవాడికే కంపెనీవాడి దగ్గరా, కోర్టు దగ్గరా మాట చెల్లిందని చరిత్ర చెబుతున్నది.

 అల్లాహ్ మన పిల్లలకు ఉపయోగపడే జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.