స్టీలుకు అద్దం మెరుపు - మన యువకుల బతుకుతెరువు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్టీలు పాలిషు పనిని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని సంఘంవారు మమ్మల్ని కోరారు. మేము ఉపన్యాసాలిచ్చేవాళ్ళం కాము, పనివాళ్ళం. మాకు తెలిసినంత మట్టుకు మనవి చేస్తాము.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒకప్పుడు కళాయివాని కేక వినపడితే చాలు, ఆడవాళ్ళు ఇత్తడి గిన్నెలు, రాగి దేగిశాలు పట్టుకొని వాకిట్లోకి వచ్చేవారు. తిత్తి ఊది, గిన్నె కాచి, నవసాగరం చల్లి, 232 డిగ్రీలకే కరిగే తగరాన్ని దూదితో తుడిచేసరికి లోపలంతా వెండిలాగ తేలేది. ఆ పూత ఉంటేనే పులుసు చిలుము పట్టకుండా ఉండేది. ఆ పని మీద మనవాళ్ళ కుటుంబాలెన్నో బతికాయి. స్టీలు గిన్నె ఇంటింటికీ వచ్చాక ఆ కేక సన్నగిల్లింది. కళాయి అక్కరలేని గిన్నె వచ్చిన తర్వాత కళాయివానితో పనేముంటుంది? పెద్దలకు మరో విద్య నేర్పినవారు లేకపోయారు. ఆ సంగతి మనం మరచిపోరాదు.

ఈ స్టీలును 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేశాడు. ఇనుములో క్రోమియం కనీసం పదిన్నర శాతం కలిస్తే పైన కంటికి కనపడని పొర ఒకటి ఏర్పడుతుంది. గీరుకున్నా గాలి తగలగానే ఆ పొర మళ్ళీ కట్టుకుంటుంది. తుప్పు పట్టకపోవడానికి కారణం అదే.

కళాయి మెరుపు పైనుంచి పూసేది. స్టీలు మెరుపు అలాంటిది కాదు. గీతలు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరకు మిగిలేదే అద్దం మెరుపు. ముందు వెల్డింగు గడ్డను 60, 80 నంబరు గరుకుతో సమం చెయ్యాలి. తర్వాత 120, 180, 240, 320, 400, 600 దాకా వరుసగా రావాలి. నంబరు మారినప్పుడల్లా చెయ్యి అడ్డం తిప్పి రుద్దాలి. ముందరి గీతలు నిలువుగా, ఇప్పటివి అడ్డంగా పడితే ఏది మిగిలిందో కంటికి తెలుస్తుంది. పాత గీత ఒక్కటి మిగిలినా పై నంబరుకు పోరాదు. ఆ తర్వాత సైజల్ పీచు చక్రం మీద కోత మైనం, చివరకు మెత్తటి గుడ్డ చక్రం మీద ఆకుపచ్చ మైనమో తెల్ల మైనమో పెట్టి తిప్పాలి. మిగిలిన జిడ్డు మెత్తటి సుద్దపొడితో తుడిస్తే పోతుంది. మామూలు ఇనుము మీద వాడిన డిస్కును స్టీలుకు వాడరాదు. ఆ ఇనుప రజను అంటుకొని నాలుగు రోజులకు తుప్పు చుక్కలు లేస్తాయి. ఒకేచోట అదిమిపెట్టినా చేటే. ఈ స్టీలులో వేడి త్వరగా పాకదు, అక్కడే నిలిచి రేకు నీలంగా మారుతుంది, వంగుతుంది.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 జూన్ 22న ప్రారంభమైన అమరవీరుల స్మారకాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అంత పెద్ద స్టీలు ప్రమిదకు అతుకు కనపడదు. అమెరికాలోని షికాగో నగరంలో 2006లో పూర్తయిన క్లౌడ్ గేట్ అనే శిల్పాన్ని 168 రేకులు కలిపి చేశారు, దానికీ అతుకు కనపడదు. మెరుగుపెట్టిన చదును రేకు నేడు ఫ్యాక్టరీలోనుంచే ప్లాస్టిక్ పొరతో వస్తోంది. ఆ పనిలో మనం యంత్రంతో పోటీపడలేము. కాని అతుకు, వంపు, మూల ఇంకా మనిషి చేతినే అడుగుతున్నాయి. మన యువకులు నేర్వవలసింది ఆ విద్య.

ఇక అసలు సంగతి. ఈ పని కూడు పెడుతుంది, జాగ్రత్త తప్పితే ఊపిరి తీస్తుంది. పాలిషు షెడ్డులో సాయంత్రానికి ముఖం నల్లబడినట్టే ఊపిరితిత్తులూ నల్లబడతాయి. ఆ దుమ్ములో క్రోమియం, నికెల్ ఉంటాయి. వెల్డింగు పొగ క్యాన్సరుకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. మూతికి రుమాలు కట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు. దుమ్ముకోసం చేసిన మాస్కు, కళ్ళద్దాలు, దుమ్ము లాగే ఫ్యాను తప్పనిసరి. లుంగీ, మెడలో రుమాలు, వదులు చేతుల చొక్కా, గుడ్డ గ్లౌజులు చక్రం దగ్గరికి రాకూడదు. వస్తువును చక్రం నడిమికి కిందుగా పట్టాలి. అంచును చక్రానికి ఎదురు పెడితే చేతిలోనుంచి గుంజుకొని విసిరేస్తుంది. వేళ్ళు పోయినవాళ్ళను మేము చూశాము. ముక్కకింత అని కూలి కట్టినచోట తొందర ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. పదిమందీ, అంతకు మించీ పనిచేసే చోట ఈ.ఎస్.ఐ. కార్డు అడిగి తీసుకోండి. అది దయ కాదు, హక్కు.

కొనేవారికీ ఒక మాట. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలేనని నమ్మవద్దు. 304 రకానికీ అంటదు, చౌకగా వచ్చే 202 రకానికీ అంటదు. 304లో నికెల్ 8 శాతానికి తగ్గదు. 202లో అది 4 నుంచి 6 శాతమే, తక్కువైనదానికి మాంగనీసు కలుపుతారు. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి, వానకు తడిసినకొద్దీ తేడా తెలుస్తుంది. ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. పనివాడు కూడా 202 పెట్టి 304 ధర తీసుకోరాదు. అట్లా ఒక్కడు చేస్తే పదిమందికి పని పోతుంది. వుజూ చేసే చోట స్టీలు మీద తెల్లమరకలు కడితే అది మన బోరునీళ్ళలోని ఉప్పు. బ్లీచింగు పొడితో తోమితే గుంటలు పడతాయి. మెత్తటి గుడ్డతో కడిగి ఆరతుడిస్తే చాలు.

సంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఏటా కొందరు పిల్లలకు ఈ పని పద్ధతిగా నేర్పించండి. పనిలో చేరేవానికి మొదటి రోజే మాస్కు, కళ్ళద్దాలు చేతికివ్వండి. కొలత, లెక్క, బిల్లు రాయడం కూడా నేర్పండి. కళాయి పెద్దలకు జరిగినట్టు మన పిల్లలకు జరగకుండా చూడడం మనందరి చేతిలో ఉన్నది.