పేరు కాదు, పాళ్ళు చూడండి
(చండ్రుగొండ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువు కొనేటప్పుడు మీరు బస్తా మీది బొమ్మను చూచి డబ్బు ఇవ్వరు. 20-20-0-13 అని ఉన్నదా, 28-28-0 అని ఉన్నదా అని అంకెలు చూస్తారు. బిడ్డకు త్రాగించే పొట్లం దగ్గర కూడా ఆ జాగ్రత్తే ఉండవలెనని నా మనవి.

విరేచనాలు పట్టుకొన్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. ఇవ్వవలెనని మీకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండవలెను. ఈ పాళ్ళలో ఉన్నప్పుడే ప్రేగులలోని నీరు రక్తంలోకి చేరును. చక్కెర మితిమీరితే ఒంటిలోని నీరే ప్రేగులలోకి దిగి విరేచనాలు హెచ్చును. వేరు దగ్గర ఎరువు ఎక్కువైతే తేమ ఉన్నా మొక్క మాడుతుంది గదా! ఇదీ అటువంటిదే.

అయితే చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న కొన్ని తియ్యని పానీయాలు, పేరులో ఓ.ఆర్.ఎస్. అక్షరాలు చేర్చుకొని ఏళ్ళ తరబడి అమ్ముడుపోయినవి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళు దీనిపై పోరాడినారు. ఇది అసలు ఓ.ఆర్.ఎస్. కాదని హెచ్చరిక వేస్తే చాలునని 2022 జులైలో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అనుమతించినది. 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని రద్దు చేసి, పేరులో ముందుగాని వెనుకగాని ఆ అక్షరాలు ఉండరాదని ఆజ్ఞాపించినది.

ఆజ్ఞ వచ్చినదని నిశ్చింతగా ఉండరాదు. మిరప కోతకు బిడ్డను వెంటబెట్టుకొని వెళ్ళే తల్లులు మనలో ఉన్నారు. ఆసుపత్రికి దూరమైన గూడేలున్నవి. అక్కడ చేతికందిన మొదటి పొట్లం సరైనది కాకపోతే బిడ్డ ప్రాణానికే ముప్పు. కావున:

1. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ఉన్నదేమో చూడండి. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటే బడిపిల్లవానిచేత చదివించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ఆశా కార్యకర్త వద్దనూ అడగండి.

2. పొట్లం మీద ఎంత నీరని వ్రాసి ఉంటే అంతే కలపండి. కలిపి 24 గంటలు దాటితే పారబోయండి.

3. పొట్లం దొరకనిచో లీటరు మంచినీటిలో ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు చదును చేసి కొలిచి కలపండి.

4. బిడ్డ మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోండి.

తక్కిన డబ్బాల మాటా ఇంతే. దినుసుల పట్టికలో ఎక్కువ బరువున్న దానిని ముందు వ్రాయవలెనని నియమం. పేరులో పండు ఉండి, పట్టికలో నీరు, చక్కెర ముందున్నచో మీరు కొన్నది చక్కెర నీళ్ళే. విత్తనం సంచి మీది చీటీ చదివే రైతుకు ఈ చీటీ చదవడం కష్టం కాదు.