దృశ్యాన్ని మోసే సన్నని తీగ
(ప్రసంగ పాఠం)



కల్యాణోత్సవ వేళ ముందు వరుసలలో కూర్చున్న కొద్దిమందికి లభించే దర్శన భాగ్యం, వెనుక పందిళ్ళలో నిలిచిన వేలాదిమందికి లభించదు. అందువల్లనే మండపంలో కెమెరాను, వెలుపల తెరను ఏర్పాటు చేయడం నేడు అనేక ఆలయాలలో పరిపాటి అయింది. ఆ రెండింటి నడుమ దృశ్యాన్ని మోసుకుపోయే తీగను గురించి, దాని చివరల తగిలించే చవకైన అడాప్టర్లను గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. మీరు భక్తితో సమర్పించిన ద్రవ్యంలో కొంత ఇటువంటి సామగ్రికి కూడా వ్యయమవుతుంది గనుక, ఇది మీరు తెలుసుకోదగిన విషయమే.

పూర్వం కెమెరా నుండి టీవీ వరకు కోయాక్సియల్ కేబుల్ వేసేవారు. ఒక్కొక్క కెమెరాకు ఒక్కొక్క కేబుల్ కావలసి వచ్చేది. కంప్యూటర్లకు వాడే నెట్‌వర్క్ కేబుల్‌లోనైతే ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా పురివేసి ఉంటాయి. రహస్యమంతా ఆ పురిలోనే ఉన్నది. జంటలో ఒక తీగపై సంకేతం ఎంత పెరిగితే, రెండవ తీగపై అంత తగ్గుతుంది. ప్రక్కనున్న కరెంటు తీగల రొద మాత్రం రెండింటిపైనా దాదాపు సమానంగా పడుతుంది. ఆవలి చివర రెండింటి భేదాన్ని మాత్రమే గ్రహించడం వలన ఆ రొద తనంతట తానే తొలగిపోతుంది. ఇది నేటి ఊహ కాదు. అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే జంట తీగల పురికి పేటెంటు పొందాడు.

కోయాక్సియల్ కేబుల్ స్వభావం 75 ఓములు, నెట్‌వర్క్ కేబుల్ స్వభావం 100 ఓములు. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే చిన్న అడాప్టరే బాలన్. సాధారణ రకంలో ముఖ్యంగా ఉండేది ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు. దానికి వేరే విద్యుత్తు అక్కరలేదు. ఒకే కేబుల్‌పై నాలుగు అనలాగ్ కెమెరాల దృశ్యాలను, రెండువందల మీటర్ల వరకు కూడా, ఇటువంటి అడాప్టర్లతో పంపవచ్చును.

అయితే చవక అన్నది అజాగ్రత్తకు అనుమతి కాదు. కొన్నేళ్ళ క్రిందట మా ఊరి కల్యాణోత్సవానికి ఈ పని నేనే పూనుకున్నాను. తొందరలో రంగులు చూడక, నారింజ జంట నుండి ఒక తీగను, ఆకుపచ్చ జంట నుండి ఒక తీగను తీసి బిగించాను. పగలు పరీక్షించినప్పుడు బొమ్మ చక్కగానే వచ్చింది. సాయంత్రం జనరేటరు, సీరియల్ లైట్లు మొదలైన క్షణం నుండి తెరపై గీతలు పరుగులెత్తాయి. మాంగల్యధారణ వేళకు స్వామివారి ముఖమే కానరాలేదు. తెర ముందు కూర్చున్న ఒక వృద్ధురాలు, "అయిపోయిందా నాయనా?" అని నన్నడిగారు. ఆ ప్రశ్నకు నేను తలవంచుకొన్నాను. మరునాడు జనరేటరు నడుస్తుండగానే, రెండు తీగలూ ఒకే జంటవయ్యేటట్లు మార్చగా గీతలు మాయమైనవి. దోషం అడాప్టరుది కాదు, నాది.

నేటి పెద్ద తెరలకు వాడే హెచ్‌డీఎంఐ సంగతి వేరు. సెకనుకు 60 చిత్రాల 1080పి దృశ్యానికి దాదాపు 4.5 గిగాబిట్ల వేగం కావాలి. రెండు నెట్‌వర్క్ కేబుళ్ళకు తగిలించే, విద్యుత్తు అక్కరలేని చవక అడాప్టర్లు కొద్ది దూరానికే నమ్మదగినవి. దూరం పెరిగితే విద్యుత్తుతో పనిచేసేవి అవసరం. 2010లో రూపుదిద్దుకున్న హెచ్‌డీబేస్‌టీ పద్ధతి తగిన కేబుల్‌పై 100 మీటర్ల వరకు పంపగలదు. చివర ఉన్నది నెట్‌వర్క్ ప్లగ్గే కదా అని ఇటువంటి అడాప్టర్లను నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించరాదు. అందులో ప్రవహించేది కంప్యూటరు భాష కాదు. పరికరం చెడిపోయే ప్రమాదమూ కలదు.

కనుక ఈ బాధ్యత వహించే సేవకులకు నా విన్నపాలు ఇవి. రాగిపూత వేసిన అల్యూమినియం కేబుల్ కాక, శుద్ధమైన రాగి కేబుల్‌నే కొనండి. కరెంటు తీగలు పోయే గొట్టంలో దీనిని వేయకండి. ఒక భవనం నుండి మరొక భవనానికి ఆరుబయట వేయవలసివస్తే, విద్యుత్తును ప్రవహింపనీయని గాజు ఫైబర్‌ను ఎంచుకోండి. పిడుగుల నాటి నష్టం తగ్గుతుంది. కెమెరా ఎక్కడ నిలపాలో అర్చకస్వాములను అడిగి నిర్ణయించండి. ప్రాచీన శిలలకు రంధ్రం వేయకండి. అన్నింటికన్న ముఖ్యంగా, ఉత్సవానికి ముందురోజు రాత్రి అన్ని దీపాలూ, జనరేటరూ నడుస్తుండగా పరీక్షించండి. అదనంగా ఒక జత అడాప్టర్లను చేతిలో ఉంచుకోండి.

దాతలారా! వ్యయం తగ్గించడం మీ ద్రవ్యానికి చేసే గౌరవమే. కాని దూరపు కుర్చీలో కూర్చున్న ఏ తల్లీ "అయిపోయిందా?" అని అడుగవలసిన అవసరం రాకుండా చూడడం మీ భక్తికి చేసే గౌరవం. ఈ రెండింటినీ కాపాడుకొనే శ్రద్ధ మనందరికీ కలుగుగాక!