పొదుపు పుస్తకం పక్కన ఇంకో పుస్తకం



పొదుపు, అప్పుల లెక్కలు మన అకౌంటెంటు చదివేసింది. నేను మా సంఘంలో ఈ ఏడాది మొదలుపెట్టిన ఇంకో పని గురించి చెప్తాను. నెలకోసారి, పొదుపు కట్టడం అయ్యాక అరగంట కూర్చుంటున్నాం. చదువొచ్చిన ఒకరు పైకి చదువుతారు. తర్వాత ఊరి పెద్దవాళ్లలో ఒకరు పాత సంగతులు చెప్తారు.

మొదటి నెల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల కథ చదివాం. రాత్రిబడిలో సారా మీద పాఠం చదువుకుని, "ఇది మన ఇంటి కథే కదా" అని లేచారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే ఆ ఆడవాళ్లు పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. మన సంఘాలకి దారి వేసిన వాళ్లలో వాళ్లున్నారు. అది విని మావాళ్లు, "అయితే మనకీ చరిత్ర ఉందన్నమాట" అన్నారు.

ఇంకో నెల 1/70 చట్టం గురించి చదివాం. ఏజెన్సీలో గిరిజనుల భూమి పోకుండా బ్రిటిషువాళ్ల కాలంలోనే, 1917లో, ఒక చట్టం ఉండేది. మన రాష్ట్రం 1959లో ఇంకోటి చేసింది. 1970లో దాన్ని గట్టి చేశారు. షెడ్యూలు గ్రామంలో భూమి గిరిజనేతరులకి రాసిచ్చినా చెల్లదు.

అప్పుడు మూలన కూర్చున్న ఒక పెద్దమ్మ నోరు విప్పింది. "కరువులో రెండు కుంచాల చోళ్లు అప్పు తెచ్చినాం. మా ముసిలోడు కాగితం మీద ఏలు ఏసినాడు. మరి ఆ చెక్క మాకు రాలేదు" అంది. ఏ సంవత్సరం అని అడిగితే, "నాకేటి తెలుసమ్మా, అప్పుడు నా రెండోవోడు కడుపులో ఉన్నాడు" అంది.

రెండో కొడుకు ఆధార్ కార్డు తెప్పించాం. పుట్టింది 1974. అంటే వేలిముద్ర వేసింది 1970 తర్వాతే! మన మండలంలో అన్ని ఊళ్లూ షెడ్యూల్లో లేవు కాబట్టి, ముందు మా ఊరుందో లేదో చూశాం. ఉంది. కొడుకు అర్జీ పెట్టాడు.

కానీ అక్కా, ఒక తప్పు చేశాం. ఆ రోజు అందరం విన్నాం, ఎవరూ రాయలేదు. పొలం హద్దులు, సాక్షుల పేర్లు "వచ్చే నెల రాద్దాంలే" అనుకున్నాం. వచ్చే నెలకి పెద్దమ్మ లేదు. ఇప్పుడు ఆఫీసులో హద్దులు అడుగుతుంటే కొడుకు మా ముఖాలు చూస్తున్నాడు. తలా ఒక ముక్క గుర్తు చేసుకుని రాసిచ్చాం. పని అవుతుందో లేదో నేను చెప్పలేను.

పది రూపాయలు పొదుపు కడితే తేదీ వేసి సంతకం పెట్టించే మనం, పెద్దమ్మ మాటకి ఒక తేదీ వెయ్యలేకపోయాం.

అందుకే మా సంఘం ఇప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొంది. ఎవరు చెప్పారు, ఏ రోజు, ఏ చోటు గురించి, ఇవి ముందు రాస్తాం. చెప్పిన మాట చెప్పినట్టే, వాళ్ల యాసలోనే రాస్తాం. చదివి వినిపించి వేలిముద్రో సంతకమో తీసుకుంటాం. బయటికి చెప్పొద్దంటే చెప్పం.

ప్రతి సంఘాన్నీ నేను అడిగేది ఒక్కటే. ఒక నోట్‌బుక్, నెలకి అరగంట. మీ ఊళ్లో అందరికన్నా పెద్దామె దగ్గర మొదలుపెట్టండి. వచ్చే నెల దాకా ఆగకండి, ఇంటికెళ్లే దారిలోనే ఆమె గుమ్మం ఎక్కండి.