మంచు కరిగేదాకా మరగదు

పొయ్యి మీది గిన్నెలో నీళ్లు, ఐసుముక్కలు ఉన్నాయనుకోండి. బాగా కలుపుతూ థర్మామీటరు పెట్టి చూడండి. కింద మంట మండుతూనే ఉంటుంది, పాదరసం మాత్రం సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆఖరి ముక్క కరిగేదాకా అంతే! ఆ వేడంతా మంచును నీరు చేయడానికే పోతుంది.

గుప్తోష్ణం అనే ఈ వేడిని 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ కొలిచాడు. ఎంత చక్కటి ప్రయోగమో! ఒకే గదిలో చల్లటి నీళ్లూ, మంచూ వేరువేరు పాత్రల్లో పెట్టాడు. నీళ్లు అరగంటలో చేరిన ఉష్ణోగ్రతకు మంచు చేరడానికి పది గంటల పైనే పట్టింది.

గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. ఆ నీరు మరిగే స్థితికి రావడానికి మరో 100. అందుకే 30 డిగ్రీల నీటి కంటే, సగం మంచు కలిసిన అంతే నీటికి మరగడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది.