జన్యు పరీక్ష చెప్పేది, మనిషి వినేది

వంశపారంపర్య వ్యాధుల విషయంలో జన్యు పరీక్ష చాలావరకు చెప్పేది అవకాశం ఎంత అన్నదే. విన్నవారి మనసులో మాత్రం జబ్బు ఉందనో లేదనో రెండే ముక్కలు మిగులుతాయి.

సికిల్ సెల్ వ్యాధినే తీసుకుంటే, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవారు వాహకులు. వారు రోగులు కారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే మాత్రం పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. దీన్ని ‘నలుగురిలో ఒకరికి’ అని చెబితే, మొదటి బిడ్డకు వచ్చేసింది కనుక తర్వాతి ముగ్గురికీ భయం లేదని లెక్క కట్టుకునే వీలుంది. నిజానికి ప్రతి కాన్పుకూ ఆ 25 శాతం కొత్తగా వర్తిస్తుంది.

గ్రీస్‌లోని ఓర్ఖోమెనోస్‌లో ఒకప్పుడు దాదాపు 23 శాతం మంది సికిల్ సెల్ వాహకులు ఉండేవారు. పెళ్లిళ్లు కుదుర్చుకునేటప్పుడు జాగ్రత్తపడతారన్న ఆశతో ఊరివారికి పరీక్షలు చేశారు. 1970ల నాటికి తేలిందేమిటంటే, వాహకులన్న ముద్ర పడినవారికి సంబంధాలు దొరకడం కష్టమైంది, కొందరు ఫలితం దాచిపెట్టారు. ఇద్దరూ వాహకులైన జంటలు మాత్రం తగ్గలేదు. పరీక్ష సరైనదే, వివరణే చాలలేదు.

నమ్మకం ఒంటిమీద కూడా పనిచేస్తుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో, అసలు జన్యువుతో నిమిత్తం లేకుండా కొందరికి ‘వ్యాయామానికి అనువుకాని జన్యువు ఉంది’ అని చెప్పారు. ట్రెడ్‌మిల్‌పై వారి సత్తువ అంతకుముందుకన్నా తగ్గింది.

అలాగని ఫలితం దాచనక్కర్లేదు. అల్జీమర్స్ రోగుల సంతానం 162 మందితో అమెరికాలో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. జన్యు ఫలితం తెలుసుకున్నవారిలో ఏడాది తర్వాత కూడా, తెలియనివారికన్నా ఆందోళన, కుంగుబాటు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. వారికి ఫలితాన్ని కౌన్సెలింగ్‌తో కలిపి చెప్పారు. అసలు తేడా అక్కడే ఉంది.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతాలూ అందులో ఉన్నాయి. నేడు పట్టా అందుకుంటున్న వైద్యులు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు రేపు అక్కడ ఫలితాల కార్డులు ఇవ్వవలసినవారే. వాహకుడు రోగి కాడన్న మాటను ఆ ఇంటివారికి అర్థమయ్యే భాషలో, కోయలోనో సవరలోనో, చెప్పించి, వారు ఏం అర్థం చేసుకున్నారో తిరిగి వారి నోటే విన్నాకే కార్డు చేతిలో పెట్టాలని ఈ పట్టభద్రులకు విజ్ఞప్తి.