దూరప్రయాణమునకు సైడుకారు
(సంఘసమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఒకప్పుడు ఢిల్లీ వంటి నగరములలో ఆదివారమునాడు స్కూటరుకు సైడుకారు తగిలించి, భార్యాబిడ్డలను ఎక్కించుకొని బయలుదేరు చిరుద్యోగి పరిచితమైన దృశ్యము. కార్లు అందుబాటులోనికి వచ్చిన పిమ్మట ఆ దృశ్యము మరుగుపడినది. అయినను, మోటారు సైకిలుకు సైడుకారు కట్టి దేశము చూచి రావలెనను ఉబలాటము కలవారు నేటికిని ఉన్నారు. అట్టివారు బండిని ఎట్లు ఎన్నుకొనవలెనన్నదే ఈ ప్రసంగమునకు విషయము.

కొనువాడు సాధారణముగ అడుగునది రెండు మాటలు: ఇంజను ఎంత పెద్దది, వేగము ఎంత? ఇవి నడుపువాని ప్రశ్నలు. కాని చేతిలో హాండిలుగాని, కాలిక్రింద బ్రేకుగాని లేక, కేవలము నమ్మకముతో ప్రక్కన కూర్చొను ప్రాణి యొకటి కలదు. తల్లియో, భార్యయో, బిడ్డయో కావచ్చును. వారి పక్షమున అడుగవలసిన ప్రశ్నలు వేరు. దూరప్రయాణపు బండిని ఆ ప్రశ్నలతోనే పరీక్షింపవలెను.

మొదటి ప్రశ్న: సైడుకారు ఏ ప్రక్కన ఉన్నది? మనము రోడ్డునకు ఎడమప్రక్క నడచువారము. కనుక సైడుకారు ఎడమవైపున ఉండవలెను. రష్యాదేశపు ఉరాల్ బండి ప్రసిద్ధమైనది. 1941లో జర్మనుల బి.ఎం.డబ్ల్యు. ఆర్-71 నమూనాను బట్టి పుట్టిన ఎం-72 దానికి మూలపురుషుడు. దాని ఇంజను 749 సి.సి.; బలము సుమారు 41 అశ్వశక్తులు; వెనుకకు నడచు గేరు కూడ కలదు. 2022లో దాని కూర్పు ఇర్బిత్ నగరమునుండి కజకిస్తానులోని పెట్రోపావ్ల్ నగరమునకు మారినది. ఇన్ని గుణములున్నను, కుడిప్రక్క నడచు దేశముల వాడుకను బట్టి దాని సైడుకారు కుడివైపున ఉండును. అట్టి బండిని మన రోడ్డుపై నడిపినచో, కూర్చొన్న మనిషి ఎదురువచ్చు లారీల వైపున ఉండును. ఎంత మంచి యంత్రమైనను ఈ ఒక్క లోపము చాలును.

రెండవ ప్రశ్న: బండి తిన్నగా నడచునా? సైడుకారు కట్టిన మోటారు సైకిలు మలుపులో ప్రక్కకు వాలదు; హాండిలును చేతులతో త్రిప్పవలసినదే. వేగము పెంచినచో సైడుకారు వెనుకకు లాగి బండి ఎడమకు పోజూచును. బ్రేకు వేసినచో అది ముందుకు త్రోసి బండి కుడికి పోజూచును. ఎడమ మలుపులో ఖాళీ సైడుకారు చక్రము నేలవిడచి లేచుట కద్దు. శ్రీశైలపు ఘాటురోడ్డు వంటి మలుపుల దారిలో ఈ మాట మరువరానిది. ఒంటరిగా పోవునపుడు సైడుకారులో కొంత బరువు ఉంచుట ఇందులకే. దాని చక్రము ముందువైపు కొద్దిగా లోపలికి మొగ్గియుండవలెను. మోటారు సైకిలు సైడుకారునుండి రవంత ఆవలికి వాలియుండవలెను. ఈ అమరిక తప్పినచో దినమంతయు హాండిలు ఒకవైపునకే లాగును. సాయంకాలమునకు భుజములు సాక్ష్యము చెప్పును. సైడుకారు చక్రమునకును బ్రేకు ఉన్న బండి మేలు.

మూడవ ప్రశ్న: బరువును మోయగలదా? ఇచ్చట వేగముకన్న లాగుడు ముఖ్యము. ఒంటరి బండికి తగిన గేర్లు సైడుకారుకు తగవు. గొలుసుబండికి ముందు చిన్న పళ్లచక్రమునో, వెనుక పెద్ద పళ్లచక్రమునో వేసి సరిచేయవచ్చును. నేటి 349 సి.సి. బుల్లెట్టు బలము సుమారు 20 అశ్వశక్తులు. తొందర లేనివారికి మైదానమున అది చాలును; సామానుతో కొండ యెక్కునపుడు మాత్రము ఓర్పు కావలెను. మరియొక సంగతి: సైడుకారు భారము ఇంజనుపై కన్న చట్రముపై ఎక్కువ పడును. దృఢమైన గొట్టపు చట్రము లేని బండికి అదనపు చట్రము చేయింపక సైడుకారు బిగించుట అపాయము. టెండర్లలో అల్పధరను అంగీకరించు అలవాటు మనకు కలదు. ఆ అలవాటును ఈ బిగింపుల విషయమున ఆఫీసులోనే వదలిరావలెను.

నాలుగవ ప్రశ్న: దారిలో చెడినచో బాగుచేయువారెవరు? దీనికి ఇద్దరు స్త్రీల చరిత్రయే సమాధానము. ఫ్లారెన్స్ బ్లెంకిరాన్, తెరెసా వాలక్ అనువారు 1934 డిసెంబరు 11న లండనులో బయలుదేరి, సహారా ఎడారిని దాటి, 1935 జూలై 29న కేప్‌టౌను చేరిరి. వారి బండి 600 సి.సి. పాంథరు, ఒకే సిలిండరు గలది. దానికి సైడుకారు, దాని వెనుక ఒక ట్రెయిలరు. వేగమున దానిని మించిన బండ్లు ఆనాడును ఉండెను. కాని వాలక్ ఇంజనీరింగు చదివిన వనిత. తమ యంత్రము తమకు తెలిసినది. దారిలో చెడిన ఇంజనును బాగుచేసికొని వారు ముందుకు సాగిరి. మనకు సహారా దాటవలసిన పని లేదు. కాని ఢిల్లీనుండి హైదరాబాదునకు సుమారు 1,600 కిలోమీటర్ల దారి కలదు. ఆ దారిలో చిన్న ఊరి మెకానిక్కు సయితము విప్పి బిగింపగల బండియే మనకు బంధువు.

చట్టము మాటయు వినవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, విడదీయదగిన సైడుకారుతో కూడిన దానిని మోటారు సైకిలుగనే ఎంచుచున్నది. అయినను రిజిస్టరయిన బండి రూపమును మార్చుటకు ముందు 52వ సెక్షను విధించిన నియమములను రిజిస్ట్రేషను అధికారి కార్యాలయమున తెలిసికొనవలెను. అనుమతి ముందు, వెల్డింగు వెనుక.

తుదిమాట. డబ్బు చెల్లింపకముందు, కూర్చొనవలసినవారిని సైడుకారులో కూర్చుండబెట్టి ఒక వంద కిలోమీటర్లు తిప్పుడు. కాళ్లు చాపుకొనుటకు చోటున్నదా, ఎండవానలకు కప్పున్నదా, గతుకులకు నడుము నిలుచునా అని వారినే అడుగుడు. వారు దిగి, "రేపు ఎచ్చటికి?" అని అడిగినచో బండి కొనవచ్చును. "ఇల్లు ఇంకెంత దూరము?" అని అడిగినచో సందేహింపక రైలు టిక్కెట్లు కొనుడు. ఆ తీర్పుపై అప్పీలు లేదు.